ఎద్దులకు అభినందన, బండివాడికి బర్తరఫ్

మొన్నామధ్య పేపరు చూద్దామని ఒక లైబ్రరీకి వెళ్లాను. కౌంటరు దగ్గర ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకుంటున్నారు. ఉద్యోగుల సంఘం మీటింగుకు రమ్మని కాగితం వచ్చినట్టుంది. "పోతే ఆదివారం పాడు. అసలీ సంఘం వల్ల మనకు ఒరిగిందేముందండీ?" అంటున్నాడు కుర్రవాడు. ఆ కుర్రవాడే అంతకు ముందు నెలలో కామెర్లు వచ్చి ఇరవై రోజులు సెలవులో ఉండి వచ్చాడని పక్కావిడ మాటల్లో తెలిసింది. నేను కలగజేసుకోలేదు. రిటైరైనవాడు కలగజేసుకుంటే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మరిచిపోతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాది కాలేదు. మాచర్లలో ఊరి పెద్దలు పెట్టిన లైబ్రరీ ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. నాపరాళ్ల గోడలు, నాపరాళ్ల కప్పు, నాపరాళ్ల నేల. వేసవి మధ్యాహ్నం లోపలికొచ్చిన పాఠకుడు పెనం మీద జొన్నరొట్టెలా రెండు పక్కలా కాలి వెళ్లేవాడు.

పనిచేసేవాళ్లం నలుగురం. గ్రంథపాలకుణ్ణి అందరూ పంతులుగారనేవారు. ఇరవై రెండేళ్లు రీడింగు రూములో గుసగుసగా మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు అక్కడే స్థిరపడిపోయింది. ఇంట్లోనూ అంతేనట. కూరలో ఉప్పు లేదని ఆయన చెబితే వాళ్లావిడకు మర్నాటికి గాని వినపడేది కాదు. నేను గుమాస్తాను. వచ్చిన ప్రతి కాగితానికీ నెంబరు వేసి ఫైలులో పెట్టడం నా పని. మూడో మనిషిని అక్క అని పిలిచేవాళ్లం. ఊడవడం, దులపడం, చిరిగిన పుస్తకాలకు పిండి ఉడికించి అట్టలు వేయడం ఆమె చేసేది. ఆమె భర్త ఊరి బయట క్వారీలో రాయి కొట్టేవాడు. నాలుగో మనిషి బండి మామ. రెండు చెక్కపెట్టెల నిండా పుస్తకాలు సర్దుకుని, లైబ్రరీ ఎడ్లబండి మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, పుస్తకాలిచ్చి పాతవి తీసుకొచ్చేవాడు. యాభై దాటిన మనిషి. బండి మీద కూర్చుని, ఎద్దులు దారి చూసుకుంటుంటే తను పుస్తకం చూసుకుంటూ, ఆ రోడ్ల మీదే చదువు నేర్చుకున్నాడు.

మా పైన కమిటీ. కమిటీ అంటే అధ్యక్షులవారు. మిగతావాళ్లు ఆయన దగ్గినప్పుడు తల ఊపేవాళ్లు. ఆయన స్వహస్తాలతో లైబ్రరీకి నలభై రెండు నిబంధనలు రాసి, అచ్చు వేయించి, అద్దం బిగించి గోడకు పెట్టించారు. మా లైబ్రరీలో ఆయన చదివిన రచన అదొక్కటే. అది మాత్రం కంఠతా వచ్చు.

ఆ మే నెలలో ఒకరోజు బండి మామ రెంటచింతల బయల్దేరాడు. రెంటచింతల ఎండ గురించి పల్నాటివాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా నమ్మరు. సాయంత్రం నాలుగింటికి బండి తిరిగొచ్చి లైబ్రరీ ముందు ఆగింది. పుస్తకాల పెట్టెలు రెండూ ఉన్నాయి. ఎద్దులు రెండూ ఉన్నాయి. మామ లేడు.

మర్నాడు కబురొచ్చింది. రెంటచింతల ఇంకో మైలుందనగా వడదెబ్బ తగిలి బండి మీద నుంచి జారిపడ్డాడట. చర్చికి పోయి వస్తున్న ఆడవాళ్లు చూసి, మోసుకుపోయి నీడన పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, మజ్జిగ పోసి బతికించారు. మంచం మీద నుంచి లేచి నిలబడటానికి పన్నెండు రోజులు పట్టింది.

ఈ లోపల కమిటీ సమావేశమైంది. ఆ రోజు మినిట్స్ పుస్తకంలో రెండు తీర్మానాలు రాశాను. మొదటిది: సారథి లేకున్నను సంస్థ సొత్తును క్షేమముగా చేర్చిన రెండు ఎద్దుల విధినిర్వహణకు కమిటీ అభినందనలు తెలుపుచున్నది. రెండోది: సెలవు కావలసినవారు మూడు దినములు ముందుగా దరఖాస్తు చేసుకొనవలెనను పందొమ్మిదో నిబంధనను ఉల్లంఘించి గైరుహాజరైనందున బండివానిని బర్తరఫ్ చేయడమైనది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కమిటీ ముందు నోరు తెరిస్తే నా పేరు మూడో తీర్మానం అవుతుందని భయం. నోరు మూసుకుని రాయడమే కాదు, రెండో తీర్మానం కింద స్కేలు పెట్టి గీత కూడా కొట్టాను.

పంతులుగారు, అక్క, నేను కలిసి అధ్యక్షులవారింటికి వెళ్లాం. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు.

"అయ్యా, వడదెబ్బ గదండీ. ముందుగా తెలవదు గదా" అన్నాను.

"తెలవకపోవటమేందయ్యా? మే నెలని తెలవదా వాడికి? పోయేది రెంటచింతలని తెలవదా? మే నెల్లో రెంటచింతల పోయేవాడికి వడదెబ్బ సంగతి మూడు రోజుల ముందు తెలవకపోతే ఇంకేం తెలిసినట్టు?"

పంతులుగారి పెదాలు కదిలాయి.

"ఏందీ?" అన్నారు అధ్యక్షులవారు. పెదాలు మళ్లీ కదిలాయి. "గట్టిగా చెప్పవయ్యా, ఇది లైబ్రరీ కాదు, నా ఇల్లు!"

"స్పృహ లేని మనిషి దరఖాస్తు ఎట్టా రాస్తాడని అడుగుతున్నారండీ" అని నేను అందించాను.

"రాయలేకపోతే వేలిముద్ర ఎయ్యొచ్చు. దానికి స్పృహతో పనేముంది?" అని ఆయన వెనక్కు వాలారు. "ఎద్దుల్ని చూసి నేర్చుకోండి. నోరు లేనియ్యి, టయానికి వచ్చినయ్యి. అయ్యే పోయి అయ్యే వస్తుంటే మధ్యలో వాడెందుకసలు?"

ఆయన అన్న మాట మీద నిలబడే మనిషి. వారం తిరగ్గానే పెట్టెలు బండికెత్తించి, ఎద్దుల్ని రెంటచింతల దారికి తిప్పి, వాటికవే పొమ్మని వదిలించారు. ఎద్దులు ఊరి చివర దాకా బుద్ధిగా పోయి, అక్కడ ఎడమ పక్క సందులోకి తిరిగి, బండి మామ ఇంటి ముందు ఆగాయి. పదేళ్లుగా వాటికి దాణా పెట్టింది అక్కడే మరి. మూడుసార్లు వదిలితే మూడుసార్లూ అక్కడికే పోయాయి. కమిటీ మళ్లీ కూర్చుని, సంస్థ ఎద్దులను ప్రలోభపెట్టినందుకు సంజాయిషీ అడుగుతూ బండి మామకు ఒక మెమో ఇవ్వాలని తీర్మానించింది. అది పట్టుకుపోయింది నేనే.

మామ అప్పుడే ఇంటికి చేరాడు. నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చేతికి కాగితం ఇస్తే వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"ఏందిరా అబ్బాయ్, మళ్లీ పన్లోకి రమ్మన్నారా?"

"కాదు మామా. ఇంకోసారి తీసేశారు."

ఆయనకు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక లేదు. "పెట్టెలో అడుగున ఎర్రట్ట పొత్తకం ఒకటుంది. రెంటచింతల టీచరమ్మకు ఇస్తానని చెప్పా. అందిందా ఆమెకి?" అన్నాడు. ఊళ్లకు బండి పోవడమే ఆగిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మెమో అందినట్టు సంతకం పెట్టించుకుని వచ్చేశాను. అదీ నా పనే గదా.

లైబ్రరీకొచ్చి జరిగింది చెబితే అక్క చీపురు గోడకానించింది.

"మా ఇంటాయన కాలి మీద పోయినేడు బండ పడింది. రెండు నెల్లు లేవలా. కంట్రాక్టరు ఇంకోణ్ణి పెట్టుకుంటానన్నాడు. పెట్టుకున్నాడా? పెట్టుకోలా. ఎందుకనుకున్నావ్?"

"ఎందుకు?"

"అందరూ సమ్మెటలు కింద పెట్టి కూకున్నారు గనక. రాయి కొట్టేవోళ్లకు దిక్కుంది. కాగితాలు తిప్పేవోళ్లకు లేదు. సదువుకున్నోళ్లు గదా మీరు, ఒకడి పక్కనొకడు కూకోటం తెలవదు!"

ఆ సాయంత్రమే ఆమె మమ్మల్ని క్వారీకి తీసుకుపోయింది. అక్కడి రాయి కొట్టేవాళ్ల సంఘం కార్యదర్శి ఒక మేస్త్రి. కనుబొమల మీద కూడా రాతిపొడి ఉన్న మనిషి. మా కథంతా విన్నాడు. ఎద్దుల అభినందన దగ్గర ఒకసారి ఆపి మళ్లీ చెప్పించుకున్నాడు.

"సొంత సంఘం రిజిస్టరు కావాలంటే చట్ట ప్రకారం ఏడుగురుండాల. మీరు ముగ్గురు, తీసేసినోడు ఒకడు. మూడున్నర" అన్నాడు. "మా దాంట్లో చేరండి. శాఖ అని రాసుకుంటా."

దరఖాస్తు ఫారం తీశాడు. అందులో 'కొట్టు రాయి' అని ఒక గడి ఉంది. "నాపరాయా, సున్నపురాయా?" అని అడిగాడు. పంతులుగారు అబద్ధం రాయించే మనిషి కాదు. చాలాసేపు ఆలోచించి, "కాగితం" అన్నారు. మేస్త్రి 'కాగితపు రాయి' అని రాసుకున్నాడు. పనిముట్టు అన్న గడిలో అక్కకు చీపురు, నాకు కలం పడ్డాయి. పంతులుగారికి ఏమీ తోచకపోతే సమ్మెట అనే ఉంచాడు. బండి మామను కూడా, మంచం మీద ఉండగానే, చేర్చుకున్నాం. ఆ విధంగా మేం నలుగురం రాతి కార్మికులమయ్యాం.

ఇక సమ్మె. నోటీసు నేనే రాశాను. బండి మామను తిరిగి తీసుకోవాలి. జబ్బు చేసినవాడు కోలుకున్న తరువాత దరఖాస్తు పెట్టుకునే వీలుండాలి. లేనిచో సోమవారం నుంచి పని మానేస్తాం. పంతులుగారు కామాలు సరిచేశారు. సోమవారం ఉదయం అలవాటు ప్రకారం తలుపులు తీసి, అలవాటు ప్రకారం పేపర్లు బల్ల మీద పరిచి, బయటికొచ్చి మెట్ల పక్కన వరసగా నిలబడ్డాం.

ఎవరికీ తెలియలేదు.

పాఠకులు వచ్చారు, పేపర్లు చదివారు, వెళ్లారు. పంతులుగారు నినాదాలిచ్చారు, పక్కన నిలబడ్డ నాకే సరిగా వినపడలేదు. పైగా లోపల చదువుకునేవాళ్లున్నారని నన్ను కూడా గట్టిగా అనొద్దని సైగ చేశారు. రోజూ వచ్చే ఒక పెద్దాయన చత్వారంతో అవస్థ పడుతూ బయటికొచ్చి, "కాస్త పక్కకు జరగండి నాయనా, వెలుతురుకు అడ్డొస్తన్నారు" అన్నాడు. జరిగాం. మంగళవారం అధ్యక్షులవారి గుర్రబ్బండి అటుగా పోయింది. మేం ముగ్గురం చెయ్యెత్తి నినదించాం. తమకు నమస్కారం పెట్టడానికి వరసలో నిలబడ్డామనుకుని ఆయన సంతోషంగా తల ఊపి వెళ్లారు.

బుధవారం మధ్యాహ్నం అక్కకు అనుమానమొచ్చింది. "ఆ నోటీసు ఆయనకు ముట్టిందంటావా?"

నేను లోపలికి పోయి చూశాను. ముట్టలేదు. రాసిన వెంటనే, చెయ్యి అలవాటు కొద్దీ, దానికి నెంబరు వేసి 'వివిధములు' ఫైలులో పెట్టేశాను. మూడు రోజులుగా మేం ఎవరికీ చెప్పకుండా సమ్మె చేస్తున్నాం.

అక్క నన్ను ఏమన్నదో ఇక్కడ రాయను. పంతులుగారైతే ఫైలు చూసి, "నెంబరు సరిగానే వేశావు" అన్నారు. అది ఓదార్పో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

సంగతి తెలిసి మేస్త్రి వచ్చాడు. వచ్చి మెట్ల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు తగ్గాక, "నోటీసు ముట్టినా ఇంతే. మేం పని ఆపితే రాయి కదలదు. మీరాపితే ఏం ఆగుద్ది?" అన్నాడు. ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఇరవై రెండేళ్లు పని చేసిన మనిషి పక్కన నిలబడి ఆ ప్రశ్న వినడం ఎంత కష్టమో, పంతులుగారి ముఖం చూస్తే తెలిసింది.

ఆయన మెల్లగా లేచి లోపలికి వెళ్లి గోడ మీది నిబంధనల ముందు నిలబడ్డారు. చాలాసేపటికి నన్ను పిలిచి ముప్పై ఒకటో నిబంధన మీద వేలు పెట్టారు. పల్నాడు తాలూకా నివాసియగు ప్రతి మనుష్యునకును, చదువు వచ్చినను రాకున్నను, వేలిముద్రపై, గ్రంథపాలకుని పూచీతో, పదునాలుగు దినములకు ఒక గ్రంథమును ఇయ్యవలెను, సిబ్బంది నిరాకరించరాదు. అధ్యక్షులవారు సభల్లో చదివి చప్పట్లు కొట్టించుకోవడానికి రాసుకున్న నిబంధన అది. వేలిముద్రతో పుస్తకం అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు.

"మనం పని ఆపితే ఏమీ ఆగదు. చేస్తే ఆగుతుందేమో చూద్దాం" అన్నారు పంతులుగారు.

మర్నాటి నుంచి మళ్లీ పనిలోకి దిగాం. సమ్మె మొదలైందనీ తెలియదు, ముగిసిందనీ తెలియదు కనుక ఎవరూ ఏమీ అనలేదు. పొద్దుటే, మేస్త్రి పంపగా, క్వారీ పనికి ముందు ఇరవై మంది వచ్చి మెట్ల మీద కాళ్లు కడుక్కుని నిలబడ్డారు. మర్నాడు నలభై మంది. పంతులుగారు ఒక్కొక్కరినీ అడిగేవారు: "ఎలాంటి పుస్తకం కావాలి?"

"బరువున్నది ఇయ్యండి."

"బొమ్మలున్నది."

"గుడిసె గుంజ కిందికి సరిపోయేది ఏదన్నా ఉందా అయ్యగారా?" దానికి మాత్రం ఆయన గొంతు మొదటిసారి కాస్త పైకి లేచింది. ఆ మనిషి బెదిరిపోయి ఒక నీతికథల పుస్తకం తీసుకున్నాడు.

'గర్భిణీ స్త్రీల ఆరోగ్యం' అనే పుస్తకం పెళ్లికాని ఒకతనికి వెళ్లింది. ఇంగ్లీషు లా పుస్తకాలు నలుగురు అన్నదమ్ములు పంచుకున్నారు. ప్రతి వేలిముద్ర పక్కనా పంతులుగారు పూచీ సంతకం పెడుతున్నారు. ఒక్క పుస్తకం పోయినా జవాబు చెప్పాల్సింది ఆయనే. అధ్యక్షులవారు అలాంటిదానికి క్రిమినల్ కేసు పెట్టడానికి వెనకాడే మనిషి కాదు. నేను ఆ మాటంటే, "ఇరవై రెండేళ్లు వీటిని కాపలా కాశాను. బీరువాలో ఉన్న పుస్తకాన్ని చెదలు తిన్నాయి, ఎలుకలు తిన్నాయి. వీళ్లు తినరుగా" అన్నారు. తొమ్మిదో రోజుకు బీరువాలన్నీ ఖాళీ. చివరి అరలో మిగిలిన రైల్వే టైంటేబులు అక్క తీసుకుంది.

ఇదంతా రజతోత్సవం లెక్క చూసుకునే చేశాం. లైబ్రరీ పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా అధ్యక్షులవారు మద్రాసు నుంచి ఒక పెద్దమనిషిని పిలిచారు. గ్రంథాలయాలంటే ప్రాణమిచ్చే ముసలాయన. మామిడాకులు కట్టారు, సన్నాయి పెట్టారు. అధ్యక్షులవారు నాలుగు రోజులు ఉపన్యాసం బట్టీ పట్టారు గాని ఒక్కరోజూ లోపలికి తొంగి చూడలేదు. పుస్తకాలు లైబ్రరీలో గాక ఎక్కడికి పోతాయి?

"మా విజ్ఞాన భాండాగారం చిత్తగించండి" అంటూ ఆయన స్వయంగా మొదటి బీరువా తెరిచారు. లోపల ఒక బల్లి ఉంది. రెండోది తెరిచారు. అందులో బల్లి కూడా లేదు. మూడోది, నాలుగోది గబగబా తెరిచి, పంతులుగారి వైపు తిరిగారు. మెడ మీద నరాలు ఉబ్బాయి. ఈ లోపల మద్రాసు పెద్దాయన అడిగేశారు: "పుస్తకాలేవండీ?"

"చదవడానికి తీసుకుపోయారండీ" అన్నారు పంతులుగారు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆ గుసగుస సన్నాయివాళ్లక్కూడా వినపడింది.

"అన్నీనా?"

"అన్నీ అండీ."

ముసలాయన ఖాళీ బీరువా చెక్కను చేత్తో నిమిరారు. "నేను తిరగని ఊరు లేదు. ఎక్కడికి పోయినా నిండు బీరువాలు చూపించి మురిసిపోతారు. ఖాళీ బీరువాలు చూపించినవారు మీరొక్కరే" అని అధ్యక్షులవారి రెండు చేతులూ పట్టుకున్నారు. "ఎవరండీ ఈ పాఠకులు? నేను వాళ్లను చూడాలి."

దొంగలు పడ్డారని అరవబోయి, దండ వేయించుకుంటున్న మనిషి అధ్యక్షులవారు.

అంతా క్వారీకి బయల్దేరాం. ముందు సన్నాయి, వెనక పెద్దాయన, ఆ వెనక కమిటీ, ఆఖర్న మేం. మధ్యాహ్నం బువ్వ వేళ. రాళ్ల మీద, నీడ ఉన్నచోటల్లా మనుషులు, చేతుల్లో పుస్తకాలు. మేం వస్తున్నామని మేస్త్రికి కబురందింది గాని, పుస్తకం ఏ పక్క పట్టుకోవాలో చెప్పడానికి టైము చాలలేదు. ఒకడు లా పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని కన్నార్పకుండా చూస్తున్నాడు. ఒకడు నిఘంటువు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. ఇదంతా నాటకమని ఎవరికైనా తెలిసిపోయేది. కాని ఆ చివర పెద్ద బండ చుట్టూ ముప్పై మంది దాకా గుమిగూడి ఉన్నారు. వాళ్లు మమ్మల్ని చూడలేదు. సన్నాయి కూడా వాళ్లకు పట్టలేదు. మధ్యలో బండి మామ కూర్చుని ఎవరి వాటాకో వచ్చిన నవల పైకి చదువుతున్నాడు. ఇంట్లో పొద్దుపోక, కర్ర పట్టుకుని మూడు రోజులుగా వస్తున్నాడట. ఇది మేం ఏర్పాటు చేసింది కాదు. మాకూ తెలియదు.

ఆయన పేజీ తిప్పడానికి ఆగితే ఒకడు, "ఆపబాక మామా, ఆ పిల్ల నూతి కాడికి పోయిందా లేదా?" అని కసిరాడు.

మద్రాసు పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ చదివేది ఎవరు?"

పంతులుగారూ నేనూ అధ్యక్షులవారి వైపు చూశాం. ఇటు పొగడ్త, అటు బర్తరఫ్. అధ్యక్షులవారు ఒకసారి ఎండను, ఒకసారి మేస్త్రిని, ఒకసారి పెద్దాయనను చూశారు.

"మావాడేనండీ. మా లైబ్రరీ బండివాడు" అన్నారు.

"ఆ మాట మినిట్స్‌లో రాయమంటారాండీ?" అని అడిగాను. నా సర్వీసు మొత్తంలో నేను సరైన వేళకు తీసిన కలం అదొక్కటే.

"రాయవయ్యా, తప్పకుండా రాయి!" అన్నారు పెద్దాయన. రాశాను. అధ్యక్షులవారు సంతకం పెట్టారు.

మర్నాడు ఆయన మేస్త్రిని పిలిపించారు. పుస్తకాలు తిరిగి రావాలంటే అతనితో మాట్లాడక తప్పదు. అప్పుడు మా సెలవు షరతు బల్ల మీదికొచ్చింది. రెండు గంటలు వాదించారు. చివరికి నలభై మూడో నిబంధన పుట్టింది గాని, ఓడిపోయినట్టు కనపడకుండా అధ్యక్షులవారు దాన్ని కాస్త బిగించారు: వడదెబ్బ తగిలిన ఉద్యోగి మాత్రము కోలుకొన్న పిమ్మట దరఖాస్తు చేసుకొనవచ్చును. మిగతా జబ్బులకు వర్తించదు. మేస్త్రి నా వైపు చూసి కన్ను గీటి, ఒప్పుకోమన్నాడు.

గడువు లోపల పుస్తకాలు తిరిగొచ్చాయి. తడిసినవి రెండు, రాతిపొడి పట్టనిది ఒక్కటీ లేదు. అక్క వారం రోజులు దులిపింది. బండి మామ మొదటి ప్రయాణం రెంటచింతలకే, తెల్లవారుజామున, ఎండెక్కక ముందు వచ్చేటట్టు. బండి వేళలు మార్చమని అడిగింది కూడా సంఘమే.

ఆ తరువాత మా లైబ్రరీలో వడదెబ్బలు ఎక్కువయ్యాయి. నాకు ముసురు పట్టిన శ్రావణంలో జలుబుతో కూడిన వడదెబ్బ తగిలింది. అక్కకు కాలిలో మేకు దిగి వడదెబ్బ తగిలింది. అధ్యక్షులవారికి తెలియక కాదు. నిబంధన రాసింది తనే గనక, "ఏందయ్యా, చలికాలంలో కూడానా?" అని గొణిగి సంతకం పెట్టేవారు. రెండేళ్లకు ఆయనకే విసుగుపుట్టి వడదెబ్బ కొట్టేసి 'అనారోగ్యము' అని మార్చారు.

పంతులుగారు మాత్రం ఒక్కరోజూ వాడుకోలేదు. మేమే పోరితే, ఆ మొదటి ఏడే పుష్యమాసంలో, పళ్లు కొట్టుకునే చలిలో, తనకు వడదెబ్బ తగిలిందని దరఖాస్తు రాసిచ్చి ఇంటికి వెళ్లారు. మర్నాడు పది గంటలకు చూస్తే లైబ్రరీ మెట్లెక్కి వస్తున్నారు.

"ఏందండీ, సెలవు గదా?"

"సెలవే. నేను పాఠకుణ్ణి" అని రిజిస్టరులో పేరు రాసి, ఒక పుస్తకం అడిగి తీసుకుని, కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నారు. అంతమందికి అన్ని పుస్తకాలిచ్చిన మనిషి అక్కడ కూర్చుని చదవడం అంతకు ముందు మేమెవ్వరం చూడలేదు. మధ్యలో ఒకసారి నేను కాగితమేదో చూపించబోతే వేలు పెదాల మీద పెట్టుకున్నారు. సాయంత్రం దాకా చదివి, లేచి నడుం నొక్కుకుంటూ, పోతూ పోతూ ఫిర్యాదుల పుస్తకంలో ఏదో రాసి వెళ్లారు.

తరువాతి రోజు డ్యూటీకొచ్చి, రోజూలాగే ఫిర్యాదుల పుస్తకం తెరిచారు. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. ముఖం ఎర్రబడింది.

"బెంచీల నిండా నల్లులు, కూర్చుంటే నడుం పడిపోతుందని రాశాడు. ఎవడయ్యా వీడు?"

"మీరేనండీ. నిన్న."

ఆయన సిరాబుడ్డి దగ్గరికి లాక్కుని, కింద జవాబు రాయాల్సిన చోట గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఫిర్యాదు నిజమే. ఇరవై రెండేళ్లలో సిబ్బంది ఎవరూ ఇక్కడ కూర్చోలేదు గనక తెలియలేదు." సంతకం పెట్టి, తేదీ వేసి, నెంబరు వేయమని నాకిచ్చి, వేడినీళ్లు కాచమని అక్కను పిలిచి, బెంచీకి ఒక కొస తనే పట్టుకుని ఎండలోకి మోశారు.